లివింగ్‌స్టన్ వంశం, వాళ్ల కాగితాలు: తెవికీ వ్యాసానికి సాయం కావాలి

హడ్సన్‌లోయ

అందరికీ నమస్కారం. నేను న్యూయార్క్ రాష్ట్రంలో పకిప్సీ దగ్గర ఉంటాను. తెలుగు వికీపీడియాకి లివింగ్‌స్టన్ కుటుంబం మీద ఒక పెద్ద వ్యాసం రాద్దామని కూర్చున్నాను. వలస కాలం నాటి న్యూయార్క్‌లో వీళ్లు పెద్ద వర్తకులు, అంతకంటే పెద్ద భూస్వాములు. మూలపురుషుడు రాబర్ట్ లివింగ్‌స్టన్ 1654లో స్కాట్లండ్‌లోని ఆంక్రమ్‌లో పుట్టాడు. తండ్రి ప్రెస్బిటీరియన్ పాస్టరు. రాజుకి విధేయత ప్రమాణం చేయనన్నందుకు 1663లో ఆయన్ని దేశం నుంచి వెళ్లగొడితే కుటుంబమంతా హాలండ్‌లోని రోటర్‌డామ్ చేరింది. అలా పిల్లవాడికి డచ్ భాష సొంత భాషలా వచ్చేసింది. 1673లో అమెరికా వచ్చాడు. మరుసటి ఏడు ఆల్బనీకి చేరాడు. అప్పటికి ఆ ఊరు ఇంగ్లీషు వాళ్ల చేతికి వచ్చినా ఊళ్లో జనం, వ్యాపారం, కోర్టు కాగితాలు అన్నీ డచ్‌లోనే నడిచేవి. రెండు భాషలూ రాయగలిగిన కుర్రాడికి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చింది.

అక్కడి దాకా బాగానే ఉంది. ఆ తర్వాత నాకు టెన్షన్ మొదలైంది. ఎటు చూసినా రాబర్ట్‌లే. మేనర్ (ప్రభుత్వ పట్టాతో వచ్చిన పెద్ద జమీందారీ లాంటి ఎస్టేటు) స్థాపించినవాడు రాబర్ట్, అతని అన్న కొడుకు రాబర్ట్, కొడుకుల్లో ఒక రాబర్ట్, మనవళ్లలో ఇద్దరు రాబర్ట్‌లు, మునిమనవళ్లలో ఇంకొందరు. వీళ్లను విడదీసి తెలుగు పాఠకుడికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? కాగితాలు ఎక్కడ ఏవి ఉన్నాయో తెలిసినవాళ్లు కూడా చెప్పండి, ప్లీజ్.

పాతదస్తావేజు

హడ్సన్‌లోయ గారూ, మంచి పని తలపెట్టారు. గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి కాగితాల సంగతి నేను చెప్తాను.

ముఖ్యమైన మూట మీకు పక్కనే ఉంది. హైడ్ పార్క్‌లోని ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ లైబ్రరీలో లివింగ్‌స్టన్-రెడ్మండ్ సేకరణ మైక్రోఫిల్మ్ ఉంది; చాలాకాలం అక్కడే ఉన్న అసలు కాగితాలు తర్వాత గిల్డర్ లెర్మన్ సేకరణలోకి వెళ్లాయి. మేనర్ స్థాపకుడు రాబర్ట్ రాసిన, అతనికి వచ్చిన ఉత్తరాలు, లెక్కలు, భూమి దస్తావేజులు అందులోవే. రెడ్మండ్ అన్నది ఆ వంశంలో కలిసిన శాఖ పేరు. అధ్యక్షుడి లైబ్రరీలో ఇవేమిటా అని చాలామందికి సందేహం వస్తుంది. రూజ్‌వెల్ట్‌కి హడ్సన్ లోయ చరిత్ర అంటే ప్రాణం. పైగా ఆయన భార్య ఎలినోర్ లివింగ్‌స్టన్‌ల ఆడపడుచుల సంతతే: ఛాన్సలర్ (అప్పట్లో న్యూయార్క్ రాష్ట్రంలో పెద్ద న్యాయాధికారి పదవి) రాబర్ట్ ఆర్. లివింగ్‌స్టన్ కూతురు ఎలిజబెత్ స్టీవెన్స్, ఆమె కూతురు ఎలిజబెత్, ఆమె కూతురు మేరీ లివింగ్‌స్టన్ లడ్లో, ఆమె కూతురు అన్నా హాల్, ఆ అన్నా కూతురు ఎలినోర్. వరసగా అమ్మల వైపు నుంచి వచ్చిన గొలుసు ఇది. ఇంటిపేరు పట్టుకుని వెతికేవాళ్లకి ఈ గొలుసు ఎప్పటికీ దొరకదు.

ఛాన్సలర్ కాగితాలు మాత్రం వేరు. అవి న్యూయార్క్ నగరంలో న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. ఆయన వాషింగ్టన్, జెఫర్సన్‌లకు రాసిన ఉత్తరాలు చాలావరకు ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైటులో ఉచితంగా చదువుకోవచ్చు.

లెక్కలమాస్టారు

రాబర్ట్‌ల సంగతికి వస్తాను. పేరుతో కాదు, పుట్టిన, పోయిన సంవత్సరాలతోనూ చోటుతోనూ పట్టుకోండి.

మొదటివాడు స్థాపకుడు, 1654–1728. మేనర్‌కి మొదటి లార్డ్. అన్న జేమ్స్ కొడుకు ఇంకో రాబర్ట్, 1663–1725. ఇతన్ని కాగితాల్లో కూడా ‘నెఫ్యూ’ అనే అంటారు. 1687లో చిన్నాన్న దగ్గరికి వచ్చాడు, తర్వాత ఆల్బనీ మేయర్ అయ్యాడు. స్థాపకుడి కొడుకు రాబర్ట్, 1688–1775. ఇతనికి తండ్రి వీలునామాలో మేనర్ దక్షిణ కొస నుంచి 13,000 ఎకరాలు వచ్చాయి, అదే క్లెర్మాంట్. మేనర్‌లో మిగతాదంతా పెద్దవాడు ఫిలిప్‌కి (1686–1749) పోయింది. ఫిలిప్ కొడుకు రాబర్ట్ మూడో లార్డ్, 1708–1790. క్లెర్మాంట్ రాబర్ట్‌కి ఒక్కడే కొడుకు, అతనూ రాబర్టే, 1718–1775, జడ్జి. ఆ జడ్జి కొడుకు ఛాన్సలర్, 1746–1813.

ఇక్కడ ఒక చిక్కుంది. క్లెర్మాంట్ తాత, జడ్జి, ఇద్దరూ 1775లోనే పోయారు. తాత జూన్‌లో, కొడుకు డిసెంబరులో. అంటే ఆ సంవత్సరం జనవరిలో క్లెర్మాంట్‌లో ముగ్గురు రాబర్ట్‌లు బతికి ఉన్నారు, డిసెంబరు చివరికి ఒక్కడే మిగిలాడు. 1775 కాగితం చూసేటప్పుడు నెల చూడకుండా ముందుకు పోవద్దు.

పేరు మధ్యలో అక్షరం గురించి కూడా వ్యాసంలో చెప్పండి. రాబర్ట్ ఆర్. అంటే రాబర్ట్ కొడుకు రాబర్ట్ అని. మూడో లార్డ్ కొడుకుల్లో ఒకడు కేంబ్రిడ్జిలో చదువుకున్నాడు కాబట్టి రాబర్ట్ కేంబ్రిడ్జి లివింగ్‌స్టన్ అయ్యాడు. వాళ్లలో వాళ్లకే గుర్తు పట్టడం కష్టమైందన్నమాట.

న్యూజెర్సీ_నరసాపురం

మా ఊరి పేరే లివింగ్‌స్టన్ అండీ! ఎసెక్స్ కౌంటీలో మా టౌన్‌షిప్‌కి 1813లో ఆ పేరు పెట్టారు. న్యూజెర్సీకి మొదటి గవర్నరు విలియం లివింగ్‌స్టన్ (1723–1790) పేరు అది. 1776 నుంచి చనిపోయేదాకా పద్నాలుగేళ్లు ఆయనే గవర్నరు. యూనియన్ టౌన్‌షిప్‌లో ఆయన కట్టించిన లిబర్టీ హాల్ ఇప్పుడు మ్యూజియం. ఇక్కడ మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నా ఈ పేరు ఎవరిదో ఎవరూ అడగరు. మీ వ్యాసంలో ఆయన గురించి ఒక పేరా అయినా ఉండాలి.

ఆయన అన్న ఫిలిప్ (1716–1778) స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాడు. ఛాన్సలర్ ఆ ప్రకటన రాసిన అయిదుగురి కమిటీలో సభ్యుడు, కానీ సంతకం మాత్రం లేదు. 1789 ఏప్రిల్ 30న వాషింగ్టన్ చేత ప్రమాణం చేయించింది ఆయనే. 1803లో ఫ్రాన్స్ నుంచి లూసియానా కొన్నప్పుడు పారిస్‌లో బేరం ఆడింది ఆయనే. 1807లో ఫుల్టన్‌తో కలిసి హడ్సన్ మీద ఆవిరి పడవ నడిపిందీ ఆయనే. ఇంత గొప్ప కుటుంబం గురించి తెలుగులో రెండు వాక్యాలు కూడా లేకపోవడం బాధగా ఉంది.

కరణంగారి_మనవడు

గొప్పతనం సరే. నేను భూమి కాగితాల వైపు నుంచి చూస్తాను. మా తాతగారి దగ్గర అడంగళ్లు, దస్తావేజులు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి చూపు అటే పోతుంది.

1683లో రాబర్ట్ అక్కడి ఆదివాసులైన మహికన్ జనం దగ్గర రూలిఫ్ జాన్సెన్ కిల్ అనే వాగు పక్కన సుమారు 2,000 ఎకరాలు కొన్నాడు. రెండేళ్ల తర్వాత తూర్పున కొండల దగ్గర టాకానిక్‌లో కొన్ని వందల ఎకరాల ఇంకో ముక్క. రెండిటి మధ్య మైళ్ల దూరం. 1686లో గవర్నర్ డాంగన్ ఇచ్చిన పట్టా చదివితే ఆ రెండు ముక్కలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నట్టు రాసి, మధ్యలో ఉన్నదంతా కలిపేశారు. ఎల్లలుగా వాగులు, రాళ్లు, చెట్లు చెప్పారు. 1714లో జాన్ బీటీ సర్వే చేసి పటం గీస్తే తేలిన విస్తీర్ణం 1,60,240 ఎకరాలు.

అంటే కొన్నది మూడు వేల లోపు, పట్టాలో చేరింది లక్షా అరవై వేలు. 1715లో గవర్నర్ హంటర్ దాన్ని మళ్లీ ఖరారు చేశాడు, శాసనసభలో మేనర్‌కి ఒక సీటు కూడా ఇచ్చాడు.

ఇది ఇప్పుడు నేను కనిపెట్టింది కాదు. ఆ భూమి దున్నిన కౌలుదార్లే పట్టుకున్నారు. 1795లో పెట్రస్ పుల్వర్ అనే రైతు, అతనితో పాటు రెండు వందల మందికి పైగా, న్యూయార్క్ శాసనసభకు అర్జీ పెట్టుకున్నారు: వీళ్లకు హక్కు ఉన్నది 2,600 ఎకరాల మీదే, మిగతాది మోసపు మాటలతో పట్టాలో ఎక్కించారు అని. సభ ఆ అర్జీ కొట్టేసింది. ఆ సంతకాల జాబితా కూడా వంశవృక్షానికి పనికొచ్చే కాగితమే, కాకపోతే వేరే వంశాలకి.

మీ వ్యాసం మొదటి వాక్యంలోనే ‘1686లో 1,60,000 ఎకరాల మేనర్’ అని పెట్టొద్దని నా మనవి. 1683తో మొదలుపెట్టండి.

చరిత్ర_విద్యార్థిని

కరణంగారి మనవడు గారూ, 1683 దస్తావేజు ఇంకా దగ్గరగా చూడాలి. అమ్మినవాళ్ల పేర్లు అందులో ఉన్నాయి. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు, తమరనాచ్‌క్వే, వవానిట్‌సవావ్. తమరనాచ్‌క్వే భూమి అమ్ముతూనే, అందులో ఒక చిన్న మూల తాను నాలుగేళ్ల పాటు సాగు చేసుకునే హక్కు అట్టిపెట్టుకుంది.

ఇచ్చిన ధర జాబితా చదువుతుంటే ఒక అంగడి కళ్ల ముందు కనబడుతుంది. గవ్వల పూసల డబ్బుగా 300 గిల్డర్లు, దుప్పట్లు, చొక్కాలు, మేజోళ్లు, ఆరు తుపాకులు, యాభై పౌన్ల మందుగుండు, పది గొడ్డళ్లు, పది కెటిళ్లు, ఇరవై చిన్న కత్తెరలు, ఇరవై చిన్న అద్దాలు, వంద గాలాలు, నాలుగు చుట్టల పొగాకు, మూడు పీపాల రమ్ము, ఒక పెద్ద పీపా బీరు. వర్తకుడు తన కొట్లో సరుకు ఇచ్చి భూమి కొన్నాడు. వీళ్లు వర్తకులా, భూస్వాములా అన్న ప్రశ్నకి ఈ ఒక్క కాగితమే జవాబు. సరుకే భూమి అయింది.

అమ్మిన ఆడవాళ్ల పేర్లు వ్యాసంలో తప్పకుండా రావాలి. వాళ్ల సంతతి గురించి లివింగ్‌స్టన్‌లు రాసుకోలేదు కాబట్టి మనమూ వదిలేస్తే ఎలా?

న్యూజెర్సీ_నరసాపురం

చెల్లీ, నీ మాట కాదనను. కానీ ఒక కుటుంబం గురించి వ్యాసం రాస్తుంటే ముందు ఆ కుటుంబం ఏం సాధించిందో చెప్పాలి కదా. ఏమీ లేకుండా వచ్చిన కుర్రాడు పదేళ్లలో అంత ఎత్తుకి ఎదిగాడు. అది తక్కువ విషయం కాదు.

పాతదస్తావేజు

ఎదిగిన దారి చెప్తే రెండూ వస్తాయి బాబూ. ఆ దారిలో పెళ్లి చాలా ముఖ్యం.

రాబర్ట్ మొదట నికొలస్ వాన్ రెన్సెలార్ దగ్గర పనిచేశాడు. ఆయన ఆల్బనీ చుట్టూ ఉన్న రెన్సెలార్స్‌విక్ అనే బ్రహ్మాండమైన ఎస్టేటుకి డైరెక్టరు. 1678లో ఆయన పోయాడు. మరుసటి ఏడు ఆయన భార్య అలీడా స్కైలర్‌ను రాబర్ట్ పెళ్లాడాడు. నికొలస్ మంచాన పడి వీలునామా రాయించడానికి గుమస్తాను పిలిపిస్తే రాబర్ట్ లోపలికి వచ్చాడనీ, వీడు వద్దు, వీడే నా భార్యను చేసుకుంటాడు అని ఆయన అన్నాడనీ ఒక కథ ఉంది. కథ కింద రాయండి, చరిత్ర కింద రాయకండి.

చరిత్ర మాత్రం ఇది. ఈ పెళ్లితో ఆల్బనీలో అందరికంటే పలుకుబడి ఉన్న స్కైలర్లు అతనికి అత్తవారయ్యారు. అలీడా తమ్ముడు పీటర్ స్కైలర్ ఆల్బనీ మొదటి మేయర్. 1686లో ఆల్బనీకి నగర చార్టర్ తేవడానికి డాంగన్ దగ్గరికి వెళ్లింది ఈ బావా బావమరుదులే. మేనర్ పట్టా వచ్చిందీ ఆ ఏడాదే, ఆ డాంగన్ చేతి మీదుగానే.

ఇక నెఫ్యూ రాబర్ట్ 1697లో పీటర్ స్కైలర్ కూతురు మార్గరీటాని చేసుకున్నాడు. అంటే చిన్నాన్న అత్తను, అబ్బాయి మేనకోడల్ని చేసుకున్నారు. ఛాన్సలర్ కూతుళ్లు ఇద్దరూ లివింగ్‌స్టన్‌లనే చేసుకున్నారు, ఎడ్వర్డ్ ఫిలిప్‌ని ఒకరు, రాబర్ట్ ఎల్.ని ఒకరు. మేనరికాలున్న మన ఇళ్లలో వంశవృక్షం గీస్తే కొమ్మలు మళ్లీ మళ్లీ వచ్చి కలుసుకున్నట్టే వీళ్లదీ ఉంటుంది. భూమి ముక్కలు కాకుండా ఉండటానికి ఇది బాగా పనికొచ్చింది.

చరిత్ర_విద్యార్థిని

అమ్మా, అలీడా ఉత్తరాల గురించి మీరు చెప్పకపోతే ఎలా? నాకు ఆ సేకరణ మొత్తంలో ఇష్టమైనవి అవే.

పాతదస్తావేజు

వస్తున్నాను తల్లీ, అక్కడికే వస్తున్నాను.

రాబర్ట్ ఎప్పుడూ ఇంట్లో లేడు. శాసనసభ పని, కోర్టు పని, బకాయిలు వసూలు చేసుకోవడానికి లండన్ ప్రయాణాలు. 1718 నుంచి 1725 దాకా శాసనసభ స్పీకరు కూడా. మేనర్ నడిపింది అలీడా. అతను న్యూయార్క్ నగరంలో, ఆమె నదికి ఎగువన. ఇద్దరి మధ్య పడవల మీద ఉత్తరాలు నడిచేవి. ఆమె డచ్‌లోనే రాసేది. ప్రేమ మాటలు తక్కువ, పని మాటలు ఎక్కువ. ఇంత పిండి పంపాను, ఇన్ని పలకలు పంపాను, మేకులు పంపండి, చక్కెర పంపండి, బట్ట పంపండి, మిల్లు ఇలా ఉంది, ఫలానావాడు బాకీ తీర్చలేదు. ఆ పిండిని అతను అక్కడ అమ్మాలి, ఆమె చెప్పిన సరుకు కొని పంపాలి. ఆ సరుకుని ఆమె మేనర్ కొట్లో కౌలుదార్లకు అరువిచ్చేది. కౌలు గోధుమల్లో వచ్చేది, ఆ గోధుమలు మళ్లీ ఆమె మిల్లులోనే పిండి అయ్యేవి. ఉత్తరాలు వరసగా చదివితే ఆ చక్రం మొత్తం అర్థమవుతుంది.

1710లో జర్మనీ నుంచి వచ్చిన పాలటైన్ శరణార్థులతో ఈ చక్రం ఇంకా వేగంగా తిరిగింది. సుమారు 2,400 మంది న్యూయార్క్ చేరారు. వాళ్లతో పైన్ చెట్ల నుంచి నౌకాదళానికి తారు తీయించాలని ప్రభుత్వం అనుకుంది. అందుకోసం రాబర్ట్ మేనర్‌లోంచి 6,000 ఎకరాలు 266 పౌన్లకి అమ్మాడు, పైగా వాళ్లకి తిండి సరఫరా చేసే కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. ఒక్కొక్కరికి రోజుకి రొట్టెలో మూడో వంతు, ఒక క్వార్టు బీరు. తారు రాలేదు. 1712లో గవర్నరు తిండి ఆపేశాడు. చాలామంది స్కోహరీ లోయకి వెళ్లిపోయారు, కొందరు అక్కడే ఉండిపోయారు. అదే ఇప్పటి జర్మన్‌టౌన్. అప్పుడు సరుకు అందుకున్న కుటుంబాల జాబితాలు హంటర్ లిస్టుల పేరుతో మిగిలాయి. అమెరికాలో లక్షలమంది జర్మన్ సంతతివాళ్లు తమ మూలాలు వెతుక్కునేది ఆ లిస్టుల్లోనే.

అలీడా 1727లో పోయింది, రాబర్ట్ ఆ మరుసటి ఏడు. వ్యాసంలో ఆమెకు ‘రాబర్ట్ భార్య’ అని ఒక ముక్క రాసి సరిపెట్టకండి.

కరణంగారి_మనవడు

కౌలు కాగితాల గురించి ఒక మాట. లివింగ్‌స్టన్ మేనర్‌లో చాలా కౌళ్లు ప్రాణాల లెక్కన ఇచ్చేవాళ్లు. ఇన్నేళ్లు అని కాకుండా, రెండు మూడు పేర్లు రాసి, ఆ మనుషులు బతికి ఉన్నన్నాళ్లు కౌలు అని. రైతు తన పేరు, భార్య పేరు, ఇంట్లో అందరికంటే చిన్న బిడ్డ పేరు రాయించుకునేవాడు, ఎక్కువ కాలం నిలుస్తుందని. చర్చి రిజిస్టరు పోయినా కౌలు పత్రంలో ఆ బిడ్డ పేరు, ఒక్కోసారి వయసు కూడా దొరుకుతుంది.

కౌలు కింద ఇచ్చేది గోధుమలు, నాలుగు బలిసిన కోళ్లు, బండి కట్టుకుని దొరకు రెండు రోజుల చాకిరీ. రైతు తన కౌలు హక్కు ఇంకొకరికి అమ్ముకుంటే ఆ సొమ్ములో కొంత దొరకు కట్టాలి. గోధుమల కొలత డచ్ స్కెపెల్, ముప్పావు బుషెల్ అంత. ఇంగ్లీషు పాలన వచ్చి దశాబ్దాలు గడిచినా కొలత మారలేదు.

లెక్కలమాస్టారు

కొలతలే కాదు, తేదీలూ డబ్బూ కూడా జాగ్రత్త. 1752 దాకా ఇంగ్లీషు వాళ్లకి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే ఫిబ్రవరి 1686/7 అని రెండు అంకెలు కనిపిస్తాయి. హాలండ్ వాళ్లు మాత్రం అప్పటికే గ్రెగోరియన్ క్యాలెండర్‌లో ఉన్నారు. రెండు ప్రపంచాల్లోనూ ఉత్తరాలు నడిపిన మనిషి కాగితాల్లో ఏ తేదీ ఏ లెక్కనో చూసుకోవాలి. లేకపోతే పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు తేలుతుంది.

డబ్బు కూడా అంతే. పాత ఆల్బనీ పద్దుల్లో బీవర్ తోళ్లు, గవ్వల పూసలు, గిల్డర్లు ఉంటాయి, తర్వాత పౌన్లు, షిల్లింగులు, పెన్నీలు. న్యూయార్క్ పౌను, లండన్ స్టెర్లింగ్ పౌను ఒకటి కావు. పైన చెప్పిన 266 స్టెర్లింగ్, న్యూయార్క్ డబ్బులో 400.

పిల్లల వరస తెలియకపోతే డచ్ రిఫార్మ్‌డ్ చర్చి బాప్తిస్మాల రిజిస్టరు చూడండి. ఆల్బనీది 1683 నుంచి ఉంది. అందులో సాక్షులుగా రాసినవాళ్లు సాధారణంగా తాత, అమ్మమ్మ, మేనమామ, పెత్తండ్రులు. తల్లి పుట్టింటి పేరు కూడా అలాగే ఉంటుంది. పీటర్ వాన్ బ్రూ లివింగ్‌స్టన్‌కి ఆ పేరు తల్లి తండ్రిది, ఆల్బనీ మేయర్ పీటర్ వాన్ బ్రూది.

హడ్సన్‌లోయ

మీ అందరికీ ఎంత చెప్పినా తక్కువే. ఒక ప్రశ్న. హిందూ మహాసముద్రంతో వీళ్లకి సంబంధం ఉందని ఎక్కడో చదివాను. తెలుగు పాఠకుడికి అది ఆసక్తిగా ఉంటుంది కదా?

లెక్కలమాస్టారు

ఉంది, కెప్టెన్ కిడ్ వ్యవహారం. 1695లో రాబర్ట్ లండన్‌లో ఉన్నప్పుడు కిడ్‌ను బెల్లమాంట్ ప్రభువుకి పరిచయం చేశాడు. సముద్రపు దొంగలను పట్టడానికి ఓడ కట్టాలి, ఖర్చులో అయిదింట నాలుగు వంతులు బెల్లమాంట్ వర్గానిది, ఒక వంతు కిడ్, లివింగ్‌స్టన్‌లది. లివింగ్‌స్టన్ 10,000 పౌన్లకు పూచీ రాశాడు. కిడ్ 1698 జనవరి 30న కేరళ తీరం దగ్గర క్వెడా మర్చంట్ అనే ఓడను పట్టుకున్నాడు. అది ఆర్మీనియన్ వర్తకుల ఓడ, బెంగాల్ నుంచి సూరత్ పోతోంది. పట్టు, మస్లిన్, పంచదార, నల్లమందు, సురేకారం అందులో సరుకు. మొగల్ ప్రభుత్వం ఈస్టిండియా కంపెనీ మీద విరుచుకుపడింది. కిడ్‌నే సముద్రపు దొంగ అని 1701లో లండన్‌లో ఉరితీశారు, రాబర్ట్ బయటపడ్డాడు. ఆ ఓడ శిథిలం 2007లో డొమినికన్ రిపబ్లిక్ తీరంలో దొరికింది.

మన కోస్తాతో నేరుగా సంబంధం లేదు కాబట్టి ఒక్క పేరాలో ముగించండి.

చరిత్ర_విద్యార్థిని

సముద్రం మాట వచ్చింది కాబట్టి, ఇప్పటిదాకా ఎవరూ ఎత్తని విషయం నేను ఎత్తుతాను. రెండో లార్డ్ ఫిలిప్, అతని కొడుకులు బానిసల వ్యాపారంలో పెట్టుబడి పెట్టారు. 1730, 40లలో న్యూయార్క్‌కి బానిసలను దిగుమతి చేసుకున్న పెద్ద వర్తకుల్లో ఫిలిప్ ఒకడు. వాళ్ల ఓడ వుల్ఫ్ 1749లో న్యూయార్క్ నుంచి ఆఫ్రికా తీరానికి వెళ్లింది. ఆ ఓడలో డాక్టరుగా ఉన్న విలియం ఛాన్సలర్ (ఇక్కడ ఛాన్సలర్ పదవి కాదు, ఇంటిపేరు) రోజూ డైరీ రాసుకున్నాడు. కింద గదిలో జబ్బుపడి చనిపోతున్నవాళ్ల గురించి అందులో ఉంది. స్లేవ్ వాయేజెస్ డేటాబేసులో ఈ ప్రయాణాలు ఎవరైనా వెతికి చూడొచ్చు.

నరసాపురం అన్నా, మీరు చెప్పిన సంతకందారు ఫిలిప్ ఆ రెండో లార్డ్ కొడుకే. మేనర్‌లో ఆంక్రమ్ ఇనుప కొలిమి 1743లో మొదలైంది. కొలిమిలో, మిల్లులో, ఇంట్లో, పడవల మీద బానిసలు పనిచేశారు. స్వేచ్ఛ కోసం సంతకం పెట్టిన చేయీ, ఈ పద్దులు చూసిన చేయీ ఒకటే. రెండూ ఒకే వ్యాసంలో, పక్కపక్కనే ఉండాలి. ‘వివాదాలు’ అని చివర్లో ఒక మూల శీర్షిక కింద పెట్టొద్దు.

న్యూజెర్సీ_నరసాపురం

సంతకం పేరాలోనే ఓడ పేరు కూడా రానీ చెల్లీ. నాకు అభ్యంతరం లేదు. మా పిల్లలు ఇక్కడ బడిలో ఆ సంతకం గురించే చదువుతారు. ఇంకోవైపు కూడా తెలుగులోనైనా చదవాలి. ఆ బానిసల కుటుంబాల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయా?

పాతదస్తావేజు

దొరుకుతాయి బాబూ, కాకపోతే ముక్కలు ముక్కలుగా. 1790 జనాభా లెక్కల్లో యజమాని పేరు, ఎదురుగా బానిసల సంఖ్య మాత్రమే, పేర్లు ఉండవు. పేర్లు కావాలంటే వీలునామాలు, పద్దు పుస్తకాలు, పారిపోయినవాళ్ల కోసం పత్రికల్లో ఇచ్చిన ప్రకటనలు చూడాలి. అన్నిటికంటే మంచిది టౌన్ క్లర్కుల రిజిస్టర్లు. 1799లో న్యూయార్క్ ఒక చట్టం చేసింది. ఆ ఏడాది జులై 4 తర్వాత బానిస తల్లికి పుట్టిన బిడ్డ చట్టం ప్రకారం స్వతంత్రుడే, కానీ మగపిల్లాడైతే 28 ఏళ్లు, ఆడపిల్లయితే 25 ఏళ్లు వచ్చేదాకా తల్లి యజమానికి చాకిరీ చేయాలి. పుట్టిన తొమ్మిది నెలల్లోగా బిడ్డ పేరు, పుట్టిన తేదీ యజమాని రాయించాలి. ఆ రిజిస్టర్లలో బిడ్డ పేరు ఉంటుంది. న్యూయార్క్‌లో బానిసత్వం పూర్తిగా పోయింది 1827 జులై 4న. క్లెర్మాంట్, జర్మన్‌టౌన్ చుట్టుపక్కల ఊళ్ల రికార్డులు అడిగి చూడండి, హడ్సన్‌లోయ గారూ. మీకు దగ్గరే.

ఇంకో మాట. 1777 అక్టోబరులో బ్రిటిష్ సైన్యం క్లెర్మాంట్ ఇంటిని తగలబెట్టింది. జడ్జి భార్య మార్గరెట్ బీక్మన్ ముందే సామాను సర్దించి కనెటికట్‌కి వెళ్లిపోయింది, తర్వాత తనే మళ్లీ ఇల్లు కట్టించింది. ఇప్పుడు అది స్టేట్ హిస్టారిక్ సైట్. మేనర్ స్థాపకుడు రాబర్ట్ ఇండియన్ (అంటే అమెరికా ఆదివాసుల) వ్యవహారాల సెక్రటరీగా రాసిపెట్టుకున్న సమావేశాల మినిట్లు ఇంట్లోనే ఉండిపోయి, తరతరాలు దాటి 1956లో అచ్చయ్యాయి. 1911లో ఆల్బనీ స్టేట్ లైబ్రరీ తగలబడినప్పుడు ప్రభుత్వ కాగితాలు ఎన్నో కాలిపోయాయి. ఇంట్లో దాచినవి కొన్ని మిగిలాయి.

హడ్సన్‌లోయ

మొదటి పేరా ఇలా మార్చి రాశాను, చూడండి:

“లివింగ్‌స్టన్ కుటుంబం న్యూయార్క్ వలస కాలపు వర్తక, భూస్వామ్య కుటుంబం. 1683లో రాబర్ట్ లివింగ్‌స్టన్ తమరనాచ్‌క్వే, వవానిట్‌సవావ్, ఇంకొందరు మహికన్‌ల దగ్గర సరుకు ఇచ్చి సుమారు 2,000 ఎకరాలు కొన్నాడు. 1686 నాటి పట్టాతో అది లివింగ్‌స్టన్ మేనర్‌గా మారింది, 1714 సర్వేలో దాని విస్తీర్ణం 1,60,240 ఎకరాలుగా తేలింది. రాబర్ట్, అలీడా స్కైలర్ దంపతులు పిండి మిల్లు, కొట్టు, కౌళ్లతో ఈ ఎస్టేటును నడిపారు. పాలటైన్ వలసదారులు, కౌలు రైతులు, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్‌లు అక్కడ పనిచేశారు.”

రాబర్ట్‌ల పట్టిక లెక్కలమాస్టారు గారు చెప్పినట్టు సంవత్సరాలతో పెడుతున్నాను.

కరణంగారి_మనవడు

1685 టాకానిక్ ముక్క కూడా ఒక వాక్యంలో కలపండి. అది లేకపోతే రెండు వేలు లక్షా అరవై వేలు ఎలా అయ్యిందో పాఠకుడికి తెలియదు.

చరిత్ర_విద్యార్థిని

ఆ వాక్యం కలిపి ఎక్కించేయండి అక్కా. అలీడా స్కైలర్‌కి విడిగా పేజీ నేను ఈ రాత్రే మొదలుపెడుతున్నాను.